పారబోయని నీళ్ళు

"ఏ చెయ్యి?" అని అడిగాను.

డాక్టరు తల ఎత్తి నా వైపు చూశాడు. అప్పటిదాకా ఆ గదిలో మాట్లాడిందంతా మా ఆవిడే.

"మీరు ఎక్కువగా వాడని చెయ్యి," అన్నాడు. "చిన్న ఆపరేషనే పెద్దాయనా. రక్తనాళాలు కలిపి ఉంచుతాం. కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసి, మిషన్ మీద రక్తం శుభ్రం చేయాల్సిన రోజు వస్తే అంతా సిద్ధంగా ఉంటుంది. ఆ చేత్తో బరువులు మాత్రం ఎత్తకూడదు."

గుండిగ దించాలంటే రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో దించే వంటవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

బస్సు డిపో ఎదురుగా మాకు సూపు దుకాణం ఉంది. పైన రేకులు, లోపల నాలుగు బల్లలు, వెనక రెండు పొయ్యిలు. రొట్టె, ఎముకల సూపు. ఇంకేమీ ఉండవు. నేనూ మా బావమరిదీ కలిసి నడుపుతున్నాం. గల్లా దగ్గర వాడి నోరు, పొయ్యి దగ్గర నా చెయ్యి. వాడు మాట్లాడకుండా ఉండలేడు, నేను మాట్లాడలేను. అందుకే ఇన్నేళ్ళూ గొడవ లేకుండా సాగింది. ఆ గుండిగ నా చేతిలో నుంచి పోతే ఆ దుకాణంలో నాకు పనేముంది?

"ఇంకో దారి లేదా?" అన్నాను.

"ఉంది," అంది పక్కన కూర్చున్న అమ్మాయి. తిండి సంగతి చూసే డాక్టరమ్మ. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బస్టాండులో మైకు. "ఖాయంగా తప్పుతుందని చెప్పను. వాయిదా పడొచ్చు. మాంసం, ఎముకల సూపు ఆపండి. గింజలు, కూరగాయలు, ధాన్యం, వీటి మీద ఉండండి. కిడ్నీల మీద భారం తగ్గుతుంది. ఉప్పు సగానికి సగం. కూరలు చిన్నముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తినండి. మూడు నెలలు చూద్దాం."

"ఎముకల సూపు ఆపాలా?" అంది మా ఆవిడ. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టింది. "అమ్మా, ఈయన ఒంట్లో రక్తం లేదు. ఉన్నదంతా సూపే."

డాక్టరు కూడా నవ్వాడు. నేను సరేనని తల ఊపాను.

మర్నాటికి కబురు డిపో అంతా పాకింది. పాకించింది బావమరిదే.

"మా బావ శాకాహారి అయిపోయాడహో! పులి గడ్డి మేస్తోంది, చూడాలనుకున్నవాళ్ళు రండి!"

మెకానిక్కు ఒకడున్నాడు, పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ బోల్టు అంటారు. వాడు సూపు గిన్నె ముందు పెట్టుకుని నా పళ్ళెంలోకి తొంగి చూశాడు. ఉడికిన క్యాబేజీ, ఉడికిన చిక్కుడు గింజలు.

"ఏంటన్నా ఇది, ఎవరైనా తినేసి పెట్టారా?" అన్నాడు.

నేను తిన్నాను. రుచి లేదు. తడిపిన గుడ్డ నమిలినట్టు ఉంది. అయినా తిన్నాను. పది రోజులు అలాగే తిన్నాను. తినేటప్పుడల్లా పక్క పొయ్యి మీద ఎముకల గుండిగ బుడబుడలాడుతూ నన్ను పిలిచేది. అవతలికి తిరిగి కూర్చునేవాణ్ణి.

నీళ్ళు మాత్రం పారబోయలేదు.

అది ఎందుకో చెప్పాలి. నాకు పని నేర్పినాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. గుండిగలో నుంచి నేల మీదికి పోయే చుక్క వంటవాడి ఒంట్లోది అని. ముక్క ఉడికితే సారం నీళ్ళలోకి దిగుతుంది. ముక్క పారేసినా ఫరవాలేదు, నీళ్ళు పారేయకూడదు. సూపు పనంటే అదే. డాక్టరమ్మ పారబోయమంది, నిజమే. చదువుకున్న పిల్ల, కిడ్నీ సంగతి తెలుసు, పొయ్యి సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. ముక్కలు వంపి తిన్నాను. వంపిన నీళ్ళు ఒక చిన్న గుండిగలోకి ఎత్తి, పాడవకుండా రోజూ ఒక పొంగు కాచి మూత పెట్టాను. పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

పదకొండో రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆ మూత తీశాను.

బంగాళాదుంప, క్యారెట్, ఆకుకూర, టమాటా, చిక్కుడు, అన్నీ ఉడికిన నీళ్ళు. గోధుమరంగులో చిక్కగా ఉన్నాయి. వేలు ముంచి నాకాను. ఏదో ఉంది. సూపు కాలేదు కానీ, లోపల ఒక సూపు నిద్రపోతోంది. ఒక ఉల్లిపాయను నిప్పుల మీద నల్లగా మాడేదాకా కాల్చాను. వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే కాల్చాను. గుండిగను పెద్ద మంట మీద పెట్టి నీళ్ళు సగానికి మరిగించాను. మళ్ళీ ఆ సగం సగానికి. కాల్చినవి దంచి వేశాను. మిరియాలు వేశాను. ఉప్పు వేయలేదు.

గరిటెతో తాగాను.

"ఒరేయ్!" అని అరిచాను.

బావమరిది గల్లా వదిలి పరుగెత్తుకొచ్చాడు. నేను అరవడం వాడు ఎప్పుడూ వినలేదు. చెయ్యి కాల్చుకున్నాననుకున్నాడు. గరిటె వాడి నోట్లో పెట్టాను.

వాడు మింగాడు. కళ్ళు పెద్దవి చేశాడు. మళ్ళీ గరిటె కోసం చెయ్యి చాచాడు.

"ఎముక వేశావు కదూ? దొంగబావా, అక్కకు చెప్తానుండు!"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

వాడు గుండిగలో గరిటె పెట్టి అడుగు దాకా కలియబెట్టాడు. ఎముక కోసం. దొరకలేదు. అప్పుడు వాడు వీధిలోకి పోయి బోల్టును రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. బోల్టు ఒక గిన్నె తాగాడు, రెండో గిన్నె తాగాడు, తర్వాత డ్రైవర్లను పిలిచాడు. సాయంత్రానికి చిన్న గుండిగ ఖాళీ. నా కోసం ఒక గిన్నె దాచుకున్నాను. అది తాగుతుంటే నా వయసు సగం పోయినట్టు అనిపించింది. పెళ్ళికొడుకునైనప్పుడు కూడా అంత సంబరపడలేదు. మా ఆవిడతో ఆ మాట అనలేదు.

ఆ రోజు నుంచి రోజూ ఉడికించడమే, నీళ్ళు మరిగించడమే. పొద్దున ఒక గిన్నె, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. కొత్తకొత్త కూరలు తెచ్చాను. గుమ్మడికాయ నీళ్ళు తీపి ఇస్తాయి. పాలకూర నీళ్ళు బరువు ఇస్తాయి. బంగాళాదుంప నీళ్ళు చిక్కదనం ఇస్తాయి. ఇంత వయసొచ్చాక మళ్ళీ కొత్తగా పని నేర్చుకుంటున్నాను. నిద్ర లేవగానే పొయ్యి గుర్తొచ్చేది. చెయ్యీ, మిషనూ గుర్తొచ్చేవి కావు.

నెల పరీక్షకు రక్తం ఇచ్చిన రోజు మెట్లు ఎక్కుతుంటే కాళ్ళు బరువెక్కాయి. తడి ఇసుక నింపినట్టు. ముసలితనం అనుకున్నాను.

మధ్యాహ్నం పెద్దమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, ఎక్కడున్నావు? ఉన్నచోట ఉండు. ఏమీ తినకు, ఏమీ తాగకు. ఆస్పత్రి వాళ్ళు నీకు చేస్తే ఎత్తలేదట. ఇప్పటికిప్పుడు రమ్మంటున్నారు."

చేతిలో గిన్నె ఉంది. కింద పెట్టాను.

ఆస్పత్రిలో ఛాతీ మీద తీగలు అంటించారు. కాగితం మీద గీతలు వచ్చాయి. ఇద్దరు నర్సులు ఆ గీతలు చూసి వేగంగా నడిచారు. సూది వేశారు, ఏదో పొడి నీళ్ళలో కలిపి తాగించారు. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందట. ఇంకొంచెం పెరిగితే గుండె ఆగేదట. డాక్టరు ఆ మాట మెల్లగా చెప్పాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"కూరగాయలు పడలేదు ఈయనకి," అన్నాడు డాక్టరు. "కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే నంబరు పడిపోలేదు, అది మంచిదే. కానీ పొటాషియంతో ఆటలాడలేం. ఆ తిండి ఆపేద్దాం. చేతి ఆపరేషనుకి వచ్చేవారం తేదీ ఇస్తాను."

మా ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. "నేను మొదటే అన్నాను," అంటోంది. ఏమి అన్నదో ఆమెకే తెలియదు.

తిండి డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. "ఇది కుదరదు," అంది. "నేను చెప్పినట్టు తింటే ఇంత పెరగదు. పెద్దాయనా, ఏం తిన్నారు?"

"మీరు చెప్పినవే."

"అరటిపండ్లు? పండ్లరసం? ఉప్పుకు బదులు వేరే ఉప్పు ఏదైనా?"

"లేదు."

"ఉడికించారా?"

"ఆఁ."

"ఎక్కువ నీళ్ళలో?"

"ఆఁ."

"నీళ్ళు వంపారా?"

"వంపాను."

అన్నిటికీ నిజమే చెప్పాను. ఆమె అడిగింది తిండి గురించి. సూపు నా పని. పని గురించి ఎవరూ అడగలేదు.

"ఈయన్ని అడిగి లాభం లేదమ్మా," అంది మా ఆవిడ. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు కావాలి."

"ఒక్క వారం ఇవ్వండి సార్," అంది ఆమె డాక్టరుతో. "కొలత తగ్గాకే ఇంటికి పంపుదాం. వచ్చే వారం మళ్ళీ చూద్దాం. తగ్గకపోతే నేనే ఒప్పుకుంటాను." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు వండేది నా కళ్ళతో చూడాలి."

కొలత తగ్గాక నన్ను పంపించారు. ఆ మర్నాడే ఆమె దుకాణానికి వచ్చింది. బావమరిది బల్ల తుడిచిందే తుడిచాడు.

"రండమ్మా రండి. మా బావ వంటగదిలోకి మా అక్కను కూడా రానివ్వడు. మీకు యోగం ఉంది."

నేను కత్తి అందుకున్నాను. లోపల మాత్రం పొంగిపోతున్నాను. గుండె సంగతి మర్చిపోయాను. నా సూపును ఒక చదువుకున్న మనిషి చూడబోతోంది. బంగాళాదుంపలు కోశాను. సన్నగా, ఒకే కొలతలో. ఆమె తల ఊపింది. ఎక్కువ నీళ్ళు పోశాను. తల ఊపింది. ఉడికించాను. జల్లెడలోకి వంపాను. ముక్కలు పక్కన పెట్టాను.

"సరిగ్గానే ఉంది," అంది ఆమె. గొంతులో దిగులు వినిపించింది. తప్పు దొరకలేదని దిగులు.

అప్పుడు నేను జల్లెడ కింద ఉన్న గిన్నెను ఎత్తాను. చిన్న గుండిగలోకి పోశాను. పెద్ద మంట పెట్టాను.

"అది దేనికి?"

"సూపుకి."

"ఎవరికి?"

"నాకు."

ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"ఆపండి!" అని అరిచింది. రేకులు మోగాయి. బయట బోల్టు చేతిలో రొట్టె కిందపడింది. "ఆపండి, ఆపండి! దొరికింది! రోజూ తాగుతున్నారా? ఎంత?"

"మూడు గిన్నెలు," అన్నాడు బావమరిది గుమ్మంలో నుంచి. "బాగుంటే నాలుగు."

"మరిగించా?"

"సగం చేసి, మళ్ళీ సగం," అన్నాను.

ఆమె తల మీద రెండు చేతులూ పెట్టుకుని పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"పెద్దాయనా, కూరలో ఉన్న పొటాషియం నీళ్ళలోకి దిగుతుంది. అది దిగాలనే ఉడికించమన్నాను. దిగాక పారబోయాలి. మంచి కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపేస్తాయి. మీవి పంపలేవు. మీరు కూరలో నుంచి విషం తీసినట్టు దాన్ని తీసి, చిక్కగా కాచి, గిన్నెలతో తాగారు!"

"సారం అనుకున్నాను," అన్నాను.

"సారమే! ఆ సారమే మీకు పనికిరాదు."

గుండిగ మరుగుతోంది. వాసన వస్తోంది. మంచి వాసన. అందులో నా కొత్త చదువంతా ఉంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఎముకలు వదిలేశాను. ఉప్పు వదిలేశాను. దొరక్క దొరక్క దొరికిన ఒక్క సూపూ ఇప్పుడు వదలాలి.

"పారబోయండి," అంది ఆమె.

గుండిగను రెండు చేతులతో ఎత్తాను. తూము దగ్గర నిలబడ్డాను. చేతులు వంగలేదు. నిజంగానే వంగలేదు.

"బావా," అన్నాడు బావమరిది. వాడి గొంతులో ఎగతాళి లేదు. "ఆపరేషనైతే ఆ చేత్తో అదైనా ఎత్తలేవు."

పారబోశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. తూములో గరగరమని పోయింది.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోనిది. డాక్టరమ్మ సంచి పక్కన పడేసి, కుర్తా చేతులు పైకి మడిచి, "సరే, ఇప్పుడు మీకు పనికొచ్చే సూపు చేద్దాం. దేన్లో ఏం తక్కువ ఉందో నేను చెప్తాను. రుచి ఎలా తేవాలో నాకు రాదు. నేను వండితే మా ఇంట్లో కుక్క కూడా తినదు," అంది.

"ఏం వాడొచ్చు?"

"క్యాబేజీ. ఉల్లి. వెల్లుల్లి. క్యాప్సికం. కొంచెం క్యాలీఫ్లవర్. అన్నీ కొలతగా. మీ రక్తం చెప్పే కొలత. పక్క మంచం ఆయనకు ఇదే కొలత సరిపోదు, అది కూడా గుర్తుపెట్టుకోండి."

"నిమ్మ?"

"కొన్ని చుక్కలు."

"పిండి?"

"ఏ పిండి?"

"గోధుమ. వేయించి."

"వేయొచ్చు!"

ఆలోచించాను. నీళ్ళలో సారం లేకపోతే రుచి ఎక్కడి నుంచి రావాలి? నిప్పులో నుంచి రావాలి. క్యాబేజీని ఉడికించి నీళ్ళు పారబోశాను. ఈసారి చెయ్యి కొంచెం తేలిగ్గా వంగింది. ఆ క్యాబేజీని నీరు లేకుండా పిండేసి, పొడి పెనం మీద అంచులు నల్లబడేదాకా కాల్చాను. క్యాప్సికం నిప్పుల మీద తిప్పాను. ఉల్లిపాయ మాడ్చాను. గోధుమపిండిని కమ్మని వాసన వచ్చేదాకా వేయించాను. అన్నీ కొత్త నీళ్ళలో వేశాను. మిరియాలు. ఉడికించి వంపిన చిక్కుడు గింజలు గుప్పెడు.

"వాసన చూడండి, వాసన చూడండి!" అంటోంది ఆమె పొయ్యి చుట్టూ తిరుగుతూ.

"జరుగమ్మా, కాలుతుంది," అన్నాను.

మొదటి గరిటె పల్చగా ఉంది. నచ్చలేదు. ఇంకొంచెం పిండి. రెండోసారి చేదు వచ్చింది, ఉల్లి ఎక్కువ మాడింది. తీసేశాను. మూడోసారి నిమ్మ పిండాను.

నాలుకకు తగిలింది.

మొదటి సూపంత బరువు లేదు. అది నడివయసు మనిషి నడక అయితే ఇది పిల్లల పరుగు. గరిటె డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె తాగి బల్ల మీద అరచేత్తో కొట్టింది. బావమరిది తాగి, "ఉప్పు లేదు," అన్నాడు. మళ్ళీ తాగి, "ఉప్పు లేకపోయినా ఉంది," అన్నాడు. బోల్టు తాగి గిన్నె గీకాడు. ఎవరూ వద్దనలేదు.

"మీకు పూటకు ఒక గిన్నె," అంది ఆమె నాతో. "రోజుకు మీరు తాగాల్సిన నీళ్ళ లెక్కలోనే అది కూడా. కూరనీళ్ళ పాత సూపు వీళ్ళకు అమ్ముకోండి, కిడ్నీలు బాగున్నవాళ్ళకు ఏమీ కాదు. మీరు మాత్రం గరిటె కూడా నాకకూడదు."

"రుచి ఎవరు చూస్తారు?"

"నేనున్నాను కదా బావా," అన్నాడు బావమరిది. "ఇన్నాళ్ళూ దేవుడు నాకు ఈ నోరు ఎందుకిచ్చాడా అనుకున్నాను."

ఆ వారం నేను ఎలా గడిపానో మా ఆవిడ చెప్పాలి. పాత సూపు కాగుతుంటే ముక్కు మూసుకుని అవతలికి పోయేవాణ్ణి. కాళ్ళలో ఇసుక కారిపోయింది. మెట్లు ఎక్కాను, మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కి చూసుకున్నాను. మా ఆవిడ కింద నిలబడి, "పిచ్చి పట్టిందా ఏమయ్యా?" అంది.

రక్తం ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నం, దుకాణం నిండా జనం. గిన్నెలు చప్పుడవుతున్నాయి. బావమరిది ఫోను మోగింది. వాడు చూసి నాకు అందించాడు. నా చేతులు తడిగా ఉన్నాయని మా ఆవిడ లాక్కుంది. ఆ రోజు ఆమె పొద్దున్నే దుకాణానికి వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చావని నేను అడగలేదు.

అవతల డాక్టరమ్మ గొంతు. మైకు గొంతు కాబట్టి బల్లల దాకా వినిపించింది.

"తగ్గింది! మామూలు కొలతకు వచ్చేసింది! కిడ్నీ నంబరు కూడా పడలేదు, ఒక పిసరు మెరుగే! డాక్టరుగారు తేదీ కొట్టేశారు. ఆపరేషను ఇప్పుడు లేదు, వింటున్నారా? ముందు ముందు సంగతి ఎవరం చెప్పలేం, నెలనెలా పరీక్ష తప్పదు. కానీ ఇప్పుడు లేదు!"

బోల్టు బల్ల ఎక్కాడు. డ్రైవర్లు గిన్నెలు చెంచాలతో కొట్టారు. బావమరిది నన్ను నడుం పట్టుకుని ఎత్తబోయాడు, వాడి వల్ల కాలేదు, ఇద్దరం గోడకు గుద్దుకున్నాం. ఎవరో ఈ రోజు సూపు ఊరికేనా అని అరిచారు. "ఊరికే అన్నవాడికి గిన్నె కూడా ఇవ్వను," అని బావమరిది అక్కడి నుంచే అరిచాడు.

మా ఆవిడ ఒక్కతే కదల్లేదు. ఫోను ఒడిలో పెట్టుకుని, గోడవారగా ఉన్న ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంది. దగ్గరికి పోయాను.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆకలేస్తోంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు నేను. ఇంతమందికి పెడతావు, నాకేమైనా పెట్టేదుందా లేదా?"

నేను గిన్నె కోసం పరుగెత్తాను.